వాసన రావడం లేదంటే లీకు లేనట్టేనా? ఇంట్లో గ్యాస్ ప్రమాదాన్ని మీరే అంచనా వేసుకోవడం ఎలా

"వాసనైతే రావడం లేదండీ, అంటే మా ఇంట్లో భయం లేనట్టే కదా?" ఈ ఒక్క ప్రశ్నే మాటలు మార్చి మార్చి అడుగుతున్నారు, అందుకే ఒకసారి పూర్తిగా రాస్తున్నాను. కాదు, వాసన లేనంత మాత్రాన భయం లేదని చెప్పలేం. అసలు అడగాల్సిన ప్రశ్నలు మూడు. గ్యాస్ ఎక్కడి నుంచి బయటికి రావచ్చు? వస్తే ఎక్కడ చేరి నిలుస్తుంది? అక్కడ దానికి నిప్పు అంటించేది ఏముంది? ఈ మూడూ ఒకే చోట కలిసే మూల ఇంట్లో ఉంటే అసలు ప్రమాదం అదే. దాన్ని కనిపెట్టడానికి ఒక గంట చాలు.

ముందు ఒక మాట. ఇది చదువుతుండగానే మీ ఇంట్లో గ్యాస్ వాసన వస్తుంటే చదవడం ఆపేయండి. ఏ స్విచ్చూ వేయకండి, వేసి ఉన్నది ఆపకండి కూడా. ఆపేటప్పుడూ లోపల చిన్న నిప్పురవ్వ పుడుతుంది, గ్యాస్ అంటుకోవడానికి అది సరిపోతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే గ్యాస్ బయటికి పోతుందని చాలామంది అనుకుంటారు, దయచేసి వేయకండి. మంట ఏదైనా వెలుగుతుంటే, దగ్గరికి వెళ్లడం క్షేమమైతేనే, దాన్ని ఆర్పండి. అలాగే చేతికి సులువుగా అందితేనే సిలిండర్ రెగ్యులేటర్‌ను గానీ పైపు గ్యాస్ మెయిన్ వాల్వును గానీ కట్టేయండి. వెళ్తూ వెళ్తూ దారిలో ఉన్న తలుపులు, కిటికీలు తెరవండి. అందరినీ తీసుకుని బయటికి వచ్చి, ఇంటికి దూరంగా నిలబడి అప్పుడు గ్యాస్ వాళ్ల అత్యవసర నంబరుకు ఫోన్ చేయండి, ఇంట్లో నుంచి చేయకండి. లోపల ఇంకా ఎవరైనా ఉంటే కాలింగ్ బెల్ నొక్కొద్దు, తలుపు తట్టి పిలవండి. గ్యాస్ వాళ్లు వచ్చి సరే అనేదాకా లోపలికి వెళ్లకండి. మిగతాదంతా ఇంట్లో వాసన లేనప్పుడు, తాపీగా, పగటి వెలుతురులో చేసుకునే పని.

కావలసినవి

ఒక కాగితం, పెన్సిలు. గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు, చిన్న గిన్నెలో నీళ్లు, మెత్తటి బ్రష్షు లేదా స్పాంజి ముక్క. టార్చి లైటు (గ్యాస్ ఉండే చోటికి వెళ్లకముందే వేసుకోండి, అక్కడికెళ్లాక కాదు). పొడిగుడ్డ. స్టవ్ వెనక చూడటానికి చిన్న అద్దం ఉంటే పని సులువవుతుంది. టిష్యూ పేపరు చీల్చిన సన్నని ముక్క ఒకటి. మీతో పాటు ఇంకో మనిషి ఉంటే ఇంకా మంచిది, ఎందుకో తర్వాత చెప్తాను. అగ్గిపెట్టె, లైటరు, కొవ్వొత్తి, ధూపం లాంటివి ఈ పని జరుగుతున్నంతసేపూ వేరే గదిలో పెట్టేయండి.

1. మీ గ్యాస్ ఏదో తెలుసుకోండి

సిలిండర్లో వచ్చేది ఎల్‌పీజీ, అంటే ప్రొపేన్, బ్యుటేన్ కలిసినది. గాలి కంటే బరువైనది, ప్రొపేన్ గాలికి ఒకటిన్నర రెట్లు, బ్యుటేన్ దాదాపు రెండు రెట్లు. అందుకే నీళ్లు పారినట్టు నేల మీద పారి పల్లంలో నిలుస్తుంది. పైపు ద్వారా వచ్చేది చాలా చోట్ల సహజ వాయువు, అందులో ఎక్కువ భాగం మీథేన్, అది గాలిలో సగం కంటే కాస్త ఎక్కువ బరువే ఉంటుంది కాబట్టి పైకి లేచి కప్పు కింద చేరుతుంది. అయితే పైపులో వస్తున్నంత మాత్రాన సహజ వాయువే అనుకోకండి. కొన్ని అపార్టుమెంట్లలో కింద పెద్ద సిలిండర్లు పెట్టి పైపుల్లో పంపేది కూడా ఎల్‌పీజీనే. బిల్లు మీద చూడండి, లేదా సరఫరా చేసేవాళ్లను అడగండి. ఇక్కడ పొరపడితే కింద వెతకాల్సింది పైన వెతుకుతారు, గ్యాస్ లీకైతే మోగే అలారం కూడా తప్పు ఎత్తులో బిగిస్తారు.

ఇప్పుడు కాగితం మీద ఇంటి ప్లాను గీయండి. అందంగా ఉండక్కర్లేదు, గదులు, గుమ్మాలు, కిటికీలు, గ్యాస్ వచ్చే దారి తెలిస్తే చాలు.

2. ఎక్కడి నుంచి రావచ్చు: కంటితో చూసేది

సిలిండర్ దగ్గర మొదలుపెట్టి గ్యాస్ నడిచే దారి వెంటే వెళ్లండి. సిలిండర్ వాల్వు, రెగ్యులేటర్, ట్యూబు బిగించిన చోట, ట్యూబు పొడవునా, స్టవ్ దగ్గర బిగించిన చోట, స్టవ్ నాబ్‌లు. పైపు గ్యాస్ అయితే మీటరు, దాని తర్వాత వచ్చే ప్రతి జాయింటు, ప్రతి వాల్వు, గోడలోకి దూరే చోటు, స్టవ్, గీజరు. ప్రతిదానికీ కాగితం మీద ఒక చుక్క పెట్టండి. ఇన్నెన్ని ఉన్నాయా అని ఆశ్చర్యపోతారు.

ట్యూబును వేళ్ల మధ్య మెల్లగా వంచి చూడండి. సన్నని పగుళ్లు తెరుచుకుంటున్నాయా, ఎక్కడైనా జిగటగా ఉందా, గట్టిపడిందా, ఎలుక కొరికిందా, బర్నరు వేడికి రంగు మారిందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా టేపు చుట్టే పని పెట్టుకోకండి, ట్యూబు మార్చడమే. ట్యూబు మీద తయారైన తేదీ గానీ గడువు గానీ అచ్చు వేసి ఉంటుంది. గడువు దాటితే బాగున్నట్టు కనిపించినా మార్చండి, అసలు అచ్చే లేకపోతే అది గ్యాస్ కోసం చేసిన ట్యూబు కాకపోవచ్చు.

చిన్న నట్టే కదా అని వదిలేయకండి. 1968 మే 16న లండన్‌లో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో 18వ అంతస్తు ఇంట్లో గ్యాస్ పేలి, భవనం మూల మొత్తం పైనుంచి కిందిదాకా కూలిపోయింది, నలుగురు చనిపోయారు. గ్యాస్ బయటికి వచ్చింది స్టవ్‌కు గొట్టం కలిపే నాసిరకం ఇత్తడి నట్టు విరగడం వల్ల.

3. నురగ పరీక్ష

ఇదే అసలైన పరీక్ష, దీన్ని హడావిడిగా చేయకండి. సబ్బు ఒక వంతు, నీళ్లు మూడు నాలుగు వంతులు కలపండి. గిలక్కొట్టి ముందే నురగ తెప్పించకూడదు, అలా చేస్తే సబ్బు బుడగ ఏదో గ్యాస్ బుడగ ఏదో తెలియదు. అమోనియా ఉన్న క్లీనర్లు వాడకండి, అవి ఇత్తడిని పగిలేలా చేస్తాయి.

స్టవ్ నాబ్‌లన్నీ ఆపి ఉంచి, సిలిండర్ గానీ మెయిన్ వాల్వు గానీ తెరవండి. లైనులో గ్యాస్ ఒత్తిడి ఉండాలి. సిలిండర్ కట్టేసి సబ్బు రాసి "ఏమీ లేదు" అని నిశ్చింతగా పడుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, గ్యాస్ లేని గొట్టంలో బుడగ ఎక్కడి నుంచి వస్తుంది?

చుక్క పెట్టిన ప్రతి చోటా సబ్బు నీళ్లు తడిసేలా రాయండి, జాయింటు చుట్టూ, వెనక వైపు కూడా (అద్దం ఇక్కడ పనికొస్తుంది). ఒక్కో చోట కనీసం ఒక నిమిషం చూడండి. వచ్చి పగిలిపోయే బుడగ లెక్కలోది కాదు, ఒకే చోట పుట్టి పెరుగుతూ ఉండే బుడగ, లేదా సన్నని తెల్ల నురగ గుంపు కడుతూ ఉంటే అది లీకు. చిన్న లీకు ఇలాగే నెమ్మదిగా బయటపడుతుంది. మా ఇంట్లో ఒకసారి దొరికింది ట్యూబు మధ్యలో కాదు, స్టవ్ చివర క్లిప్పు కింద, బయటికి కనిపించని చోట, రెండోసారి రాసి ఆగి చూస్తేనే తెలిసింది. అప్పటిదాకా మాలో ఎవరికీ వాసనే తగల్లేదు.

కొత్త సిలిండర్ వచ్చినప్పుడు మూత తీయగానే వాల్వు నోట్లో రబ్బరు వాషరు ఉందో లేదో చూడండి, రెండు చుక్కల సబ్బు నీళ్లు వేసి బుడగలు రావడం లేదని నిర్ధారించుకుని, పొడిగుడ్డతో తుడిచి, అప్పుడే రెగ్యులేటర్ పెట్టండి. బిగించాక ఇంకోసారి నురగ రాయండి.

బుడగ కనిపిస్తే వెంటనే గ్యాస్ కట్టేసి, తలుపులు తెరిచి, గ్యాస్ వాళ్లను పిలవండి. పానా తెచ్చి ఇంకో చుట్టు బిగిద్దాం అనిపిస్తుంది, వద్దు, ఎక్కువ బిగిస్తే వాషరు నలుగుతుంది, నట్టు చీలుతుంది. పరీక్ష అయ్యాక తడిగుడ్డతో సబ్బు తుడిచేసి ఆరనివ్వండి.

నిప్పుతో మాత్రం ఎప్పుడూ చూడకండి. అగ్గిపుల్ల గీసి జాయింటు దగ్గర పెడితే లీకు తెలుస్తుందని చెప్పే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లతో గట్టిగా మాట్లాడైనా మాన్పించండి.

4. చేతికి అందని చోట్లకు

గోడలో దాగిన పైపుకు నురగ రాయలేం. పైపు గ్యాస్ అయితే మీటరే చెప్తుంది. గ్యాస్ వాడే వస్తువులన్నీ ఆపి, గీజరులో ఎప్పుడూ వెలిగే చిన్న మంట ఉంటే దాన్నీ ఆపి, మీటరు అంకెలన్నీ, చివరి దశాంశాలతో సహా, ఫొటో తీసుకోండి. అరగంట ఆగి చూడండి. ఇంకా బాగా తెలియాలంటే రాత్రి పడుకునే ముందు ఒక ఫొటో, పొద్దున్నే ఎవరూ స్టవ్ వెలిగించకముందు ఒక ఫొటో. అంకె కదిలితే మీటరు తర్వాత ఎక్కడో పోతోంది. మీటరుకు ముందున్న లీకు మాత్రం ఇందులో తెలియదు, అక్కడ నురగే గతి.

మీటరు లేని సిలిండర్ వాళ్లకు, రెగ్యులేటర్ మీద ఒత్తిడి చూపే ముల్లు ఉన్న రకమైతే ఇంకో దారి ఉంది. స్టవ్ ఆపి ఉంచి, సిలిండర్ వాల్వు తెరిచి మళ్లీ కట్టేయండి. పది నిమిషాల్లో ముల్లు పడిపోతే మధ్యలో ఎక్కడో లీకు ఉన్నట్టు.

5. ఎక్కడ చేరుతుంది

ఈ పని దాదాపు ఎవరూ చేయరు, కానీ ఇల్లు కూలే ప్రమాదానికీ కాస్త వాసన వచ్చి పోయే ఇబ్బందికీ తేడా ఇక్కడే ఉంటుంది.

ఎల్‌పీజీ గాలిలో సుమారు 2 శాతానికి చేరితే చాలు, అంటుకుంటుంది. మూడు మీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో అంటే 27 ఘనపు మీటర్ల గాలి, అందులో 2 శాతం అంటే అర ఘనపు మీటరు గ్యాస్, బరువులో చూస్తే ఒక కిలో, కిలోంపావు. అది గదంతా సమంగా కలిసినప్పటి లెక్క. నిజానికి అది నేల మీదే పరుచుకుంటుంది కాబట్టి కిందనున్న పొరలో అంతకంటే చాలా తక్కువ గ్యాస్‌తోనే ఆ శాతం వచ్చేస్తుంది. మూసిన అలమర అయితే చెప్పనే అక్కర్లేదు. మీథేన్‌కు ఆ హద్దు 5 శాతం.

ఎల్‌పీజీ అయితే కాగితం మీద పల్లాలు గుర్తించండి: సిలిండర్ పెట్టిన మూసిన అలమర, మెట్ల కింది గూడు, సెల్లారు, నేలలో తూము, వంటగది కంటే ఒక మెట్టు కిందున్న గది. సిలిండర్ పక్కనే తూము ఉంటే గ్యాస్ అందులోకి దిగి ఎక్కడో వేరే చోట తేలవచ్చు. కిటికీ తెరిచే ఉంది కదా అంటారు, కిటికీ నేలకు మీటరు ఎత్తున ఉంటే కింద పరుచుకున్నది ఎలా పోతుంది? నేలకు ఆనుకుని గాలి పోయే దారి ఉందా అన్నదే చూడాలి. సిలిండర్ అలమర కింది సందు దగ్గర టిష్యూ ముక్క వేలాడదీసి చూడండి, కాస్తయినా కదలకపోతే అక్కడ గాలి ఆడటం లేదు.

సహజ వాయువు అయితే పైకి చూడండి: ఫాల్స్ సీలింగు, అటక, కప్పుకు ఆనిన అలమరలు, పైఅంతస్తుకు పైపులు వెళ్లడానికి కొట్టిన రంధ్రాలు. కప్పుకు దగ్గరగా వెంటిలేటర్ ఉండి, దాన్ని చలికనో దోమలకనో అట్టతో మూసేసి ఉంటే అట్ట తీసేయండి, దోమలు రాకుండా సన్నని జాలీ పెట్టుకోండి.

సిలిండర్‌ను ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే బయటికి రావచ్చు, ఒక లీటరు ద్రవం దాదాపు 250 లీటర్ల గ్యాస్ అవుతుంది.

6. ఏది అంటిస్తుంది

ఇప్పుడు వేరే రంగు పెన్సిలుతో నిప్పు పుట్టే చోట్లు గుర్తించండి. స్టవ్, దీపం, సిగరెట్టు అందరూ రాస్తారు. మీరు చేత్తో వేసేవాటికంటే వాటంతట అవే ఆన్ అయ్యేవి నాకు ఎక్కువ భయం, ఎందుకంటే అందరూ నిద్రపోతున్నప్పుడు కూడా అవి పనిచేస్తూనే ఉంటాయి. ఫ్రిజ్ తీసుకోండి, దాని మోటారు ఆన్ అయిన ప్రతిసారీ చిన్న రవ్వ పుట్టవచ్చు, అదీ నేలకు దగ్గరగా. ఇన్వర్టరు, నీళ్ల మోటారు ఆటోమేటిక్ స్విచ్చు, గీజరు, టైమరుతో నడిచేవి ఏవైనా. సిలిండర్ పక్కనే స్విచ్ బోర్డు ఉంటే దానికి రెండు గీతలు పెట్టండి, గ్యాస్ వాసన రాగానే ఎవరైనా మొదట చేసే పని చీకట్లో లైటు వేయడమే.

7. మూడూ కలిపి చూడండి

కాగితం ముందు పెట్టుకుని ఒక్కో చోటికీ మూడు ప్రశ్నలు వేసుకోండి. గ్యాస్ రావచ్చా, నిలుస్తుందా, అంటుకుంటుందా?

మూడింటికీ అవును అంటే ఆ పని ఈరోజే. ఉదాహరణకు తలుపులున్న అలమరలో సిలిండర్, గడువు దాటిన ట్యూబు, పక్కనే ఫ్రిజ్. ట్యూబు మారేదాకా వంట అయిన ప్రతిసారీ రెగ్యులేటర్ కట్టేయండి, అలమర తలుపులు తీసేసి పక్కన పెట్టండి, ఫ్రిజ్ జరపండి. మూడింటినీ ఒకేసారి సరిచేయలేకపోయినా ఏదో ఒకటి తప్పిస్తే ప్రమాదం బాగా తగ్గుతుంది. రెండింటికి అవును అయితే ఈ వారంలో చూడండి. ఒక్కదానికే అయితే రాసిపెట్టుకుని మళ్లీ పరీక్ష చేసినప్పుడు చూడండి. కానీ నురగలో బుడగ వచ్చిన చోటికి ఈ లెక్క లేదు, అది ఎప్పుడైనా వెంటనే చేయాల్సిన పనే.

8. అలారం పెట్టుకుంటే

మంచి పనే, సరిగ్గా పెడితే. ఎల్‌పీజీ అలారం నేల నుంచి 30 సెంటీమీటర్ల లోపు, సహజ వాయువు అలారం కప్పు నుంచి 30 సెంటీమీటర్ల లోపు ఉండాలి, మీ అలారం కాగితంలో ఇంకేదైనా రాసి ఉంటే దాన్నే పాటించండి. స్టవ్‌కు సరిగ్గా పైన గానీ కిటికీ గాలి నేరుగా తగిలే చోట గానీ బిగించకండి. దాని మీది టెస్ట్ బటన్ నొక్కితే మోగిందంటే హారన్ పనిచేస్తోందనే అర్థం, గ్యాస్‌ను కనిపెట్టే సెన్సారు బాగుందని కాదు. సెన్సారుకు గడువు ఉంటుంది, అది వెనక రాసి ఉంటుంది, ఆ తేదీని మీ కాగితం మీద కూడా రాసుకోండి. సెంట్లు, స్ప్రేలు కొడితే ఊరికే మోగుతుంది, విసుగొచ్చి ప్లగ్గు పీకేస్తారు, అలా చేయకుండా చోటు మార్చి చూడండి.

ఇంకొకటి. ఈ అలారం కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టుకోదు. స్టవ్ గానీ గీజరు గానీ నీలం మంటకు బదులు పసుపు మంటతో, మసితో మండుతుంటే ఆ విషవాయువు పుడుతున్నట్టు, దానికి వాసనే ఉండదు. దాన్ని వేరే అలారమే చెప్పాలి. మంట పసుపుగా ఉంటే ఆపేసి బాగుచేయించండి. బాత్రూమ్ లోపల గ్యాస్ గీజరు ఉన్నవాళ్లు దీన్ని మరీ శ్రద్ధగా చూడాలి.

ఎక్కువమంది చేసే తప్పులు

ముక్కును నమ్మడం మొదటిది. గ్యాస్‌కు సొంత వాసన లేదు, మనకు తెలియాలనే మెర్కాప్టన్ లాంటి ఘాటైన పదార్థం కలుపుతారు. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సస్‌లో న్యూ లండన్ అనే ఊరి బడి కింద వాసన లేని గ్యాస్ చేరి పేలి, దాదాపు 300 మంది, ఎక్కువమంది పిల్లలే, చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ వాసన కలపడం చట్టంగా వచ్చింది. కానీ ఆ వాసన కూడా అన్నిసార్లూ అందదు. జలుబు చేసినవాళ్లకు, వయసు పైబడిన కొందరికి తెలియదు. ఎక్కువసేపు అదే వాసనలో ఉంటే ముక్కు అలవాటు పడిపోతుంది. మట్టిలోంచి వచ్చిన గ్యాస్‌కు వాసన తగ్గిపోవచ్చు. తోడుగా ఇంకో మనిషి కావాలన్నది అందుకే, ముఖ్యంగా కాసేపు బయట తిరిగి అప్పుడే లోపలికి వచ్చిన మనిషి.

రెండోది, స్టవ్ నాబ్ ఆపితే పని అయిపోయిందనుకోవడం. రెగ్యులేటర్ ఆపకపోతే ట్యూబు నిండా గ్యాస్ ఒత్తిడి అలాగే ఉంటుంది. ఊరెళ్లేటప్పుడే కాదు, ప్రతి రాత్రీ ఆపండి.

గిన్నె పొంగి మంట ఆరిపోయి, గ్యాస్ మాత్రం వస్తూ ఉండటం ఇంకొకటి. ఆరిన వెంటనే మళ్లీ వెలిగించకండి, నాబ్ ఆపి, తలుపు తీసి, వాసన పూర్తిగా పోయాకే వెలిగించండి.

ఇంకా ఒకటి, సిలిండర్ దగ్గర మంట లేచినప్పుడు వాల్వు కట్టలేని స్థితిలో మంట ఆర్పడం. మంట ఆరినా గ్యాస్ ఆగదు, అది చేరి ఇంకోసారి పేలుతుంది. చేయి సురక్షితంగా చేరితే వాల్వు కట్టండి, లేకపోతే వెంటనే అందరూ బయటికి వచ్చేయండి. వేడెక్కిన సిలిండర్ దగ్గర ఒక్క క్షణం కూడా నిలబడకండి.

బాగుచేశాక

మనిషి వచ్చి ట్యూబో వాషరో మార్చి "అయిపోయింది" అనగానే పంపించకండి. ఆయన అక్కడ ఉండగానే గ్యాస్ తెరిచి, కదిలించిన ప్రతి జాయింటుకూ నురగ రాసి, ఒక నిమిషం ఇద్దరూ చూడండి. మంచి పనివాడు ఏమీ అనుకోడు, తనే రాసి చూపిస్తాడు. మార్చిన తేదీ, ట్యూబు గడువు, అలారం గడువు, అత్యవసర నంబరు ఆ కాగితం మీదే రాసి, దాన్ని వంటగదిలో కాకుండా ఇంటి బయటి గుమ్మం దగ్గర అంటించండి, వాసన వచ్చిన రోజు మీరు ఫోన్ చేసేది బయట నిలబడే కదా. సిలిండర్ మార్చిన ప్రతిసారీ రెగ్యులేటర్ దగ్గర, మూడు నెలలకోసారి అన్ని చుక్కల దగ్గరా నురగ పరీక్ష మళ్లీ చేయండి.